నలభై వేల మిల్లీలీటర్లు

అద్దాల మేడల్లో ఇంజనీర్లు రెండు రకాలు. మొదటి రకం పై అంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. రెండో రకం నేలకింద, పంపుల పక్కన ఉంటారు. కుళాయి తిప్పితే నీళ్లు రావడం, మీట నొక్కితే చల్లగాలి రావడం వీళ్ల బాధ్యత. నేను తొమ్మిదేళ్లు రెండో రకం. పని సవ్యంగా సాగినన్నాళ్లూ మా ముఖం ఎవరికీ తెలియదు. ఆగిన రోజు మాత్రం మా ఫోన్ నంబరు అందరికీ తెలుస్తుంది.

ఆ ఉద్యోగం వదిలి రెండేళ్లయింది. ఇప్పటికీ ఆ పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఫోన్ చేసి ముందుగా ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. నాకు జాబితాలంటే ఇష్టం కాబట్టి జాబితా చెబుతాను. మంచి పంపు ఎలా మోగుతుందో వినండి. వాల్వులు ఎక్కడెక్కడున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ట్యాంకర్ డ్రైవర్ల నంబర్లు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. నాలుగోది ఒకటుంది. అది ఫోన్లో చెబితే పొడుగవుతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా భవనం నానక్‌రామ్‌గూడలో ఉండేది. నేను చేరిన కాలంలో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తోంది. బంద్ లేని నెల ఉండేది కాదు. బంద్ రోజు ఆగిన పనిని కంపెనీలు శనివారం చేయించుకునేవి. నాకు ఇరవై మూడేళ్లు. ప్రగతి నగర్‌లో ఇద్దరు స్నేహితులతో ఒక గదిలో ఉండేవాణ్ణి. పొద్దున్నే మియాపూర్ వచ్చి, రెండు షేర్ ఆటోలు మారి ఆఫీసుకు చేరేవాణ్ణి. మాది కృష్ణా జిల్లా. నోరు విప్పితే నా మాట ఏ వైపుదో తెలిసిపోతుందని, దిగేదాకా చిల్లర చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆటోలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అనే ఉద్దేశంతో కూడా లేరు. భయం పూర్తిగా నాదే.

మా పంప్ ఆపరేటర్‌ది మహబూబ్‌నగర్ జిల్లా. వయసు నలభై అయిదు దగ్గర ఉంటుంది. ఆ భవనం పునాదులు తవ్వేటప్పుడు మట్టి మోయడానికి భార్యతో కలిసి వచ్చాడట. మేడ లేచాక మిగతా కూలీలు పక్క మేడకు వెళ్లారు. ఈయన మాత్రం కింద పంపుల గదిలో ఉండిపోయాడు. నానక్‌రామ్‌గూడ ఊళ్లోనే కిరాయికి ఒక గది. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం, నాది కంపెనీ ఉద్యోగం. అందుకని ఆయన నన్ను సార్ అనేవాడు. నేను ఆయన్ని 'ఏమండీ' అని పిలిచేవాణ్ణి. అలా పిలిచినప్పుడల్లా వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూసి నవ్వేవాడు.

మా భవనానికి నీళ్లు ట్యాంకర్లలో వచ్చేవి. ఒక్కో ట్యాంకరు పది కిలోలీటర్లు, అంటే పది వేల లీటర్లు. మామూలు రోజున తొమ్మిది ట్యాంకర్లు కావాలి. నీళ్లన్నీ నేలకింద సంపులోకి వెళ్లేవి. సంపులో ఎన్ని నీళ్లున్నాయో చూపే మీటరు నేను చేరకముందే పాడైపోయింది. దాని బదులు ఆపరేటర్ దగ్గర ఒక వెదురు కట్టె ఉండేది. నా ఎత్తుకు రెండింతలు. దాని మీద కత్తితో పెట్టిన పన్నెండు గాట్లు. పొద్దునా సాయంత్రం సంపు మూత తీసి కట్టె దింపి, పైకి లాగి, ఎన్ని గాట్లు తడిశాయో చూసి చెప్పేవాడు. ఏడు గాట్లు, నాలుగు గాట్లు, అలా. లీటర్లు లేవు, కిలోలీటర్లు లేవు. ఆ కట్టె నాకు పంటి కింద రాయిలా ఉండేది. ప్రమాణం లేని కొలత కొలతే కాదని మాకు కాలేజీలో నేర్పారు. నేను అది చాలా గట్టిగా నేర్చుకున్నాను.

చేరిన మూడో నెలలో భవనంలో ఉన్న ప్రతి వస్తువుకూ జాబితా తయారుచేయడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. తలుపులు, దీపాలు, తివాచీలు, పంపులు. సంపు వంతు వచ్చినప్పుడు పాత నక్షా తీశాను. కొలతలు మిల్లీమీటర్లలో ఉన్నాయి. పొడవు ఎనిమిది వేలు, వెడల్పు అయిదు వేలు, లోతు మూడు వేలు. మూడింటినీ గుణించి, ఘనపు మిల్లీమీటర్లను ఘనపు సెంటీమీటర్లుగా, వాటిని లీటర్లుగా, లీటర్లను కిలోలీటర్లుగా మార్చేలా ఎక్సెల్‌లో గడులు కట్టాను. చివరి గడిలో పన్నెండు వందల కిలోలీటర్లు అని వచ్చింది.

ఆ సంఖ్య తప్పు. అది నాకు తెలియడానికి ఇంకా పన్నెండు రోజులు పట్టింది.

తెలియకపోగా, ఆ సంఖ్య చూసి నేను ఒక రహస్యం కనిపెట్టాననుకున్నాను. పన్నెండు వందల కిలోలీటర్లు పట్టే సంపు ఉండగా రోజూ తొమ్మిది ట్యాంకర్లు ఎందుకు? నాకు తోచిన జవాబు ఒక్కటే. ట్యాంకర్ల వాళ్లూ మా ఆపరేటరూ ఒకటే జిల్లా. ఇంతకంటే రాయను. కానీ ఆ మాట నా మనసులోకి వచ్చిందని మాత్రం మీకు చెప్పాలి. ఒక్కసారి మూత తీసి కట్టె దింపి చూసినా నిజం తెలిసేది. దింపలేదు. నా దగ్గర సంఖ్య ఉంది.

ఆ తర్వాతి వారంలో రెండు రోజుల బంద్ వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఆపరేటర్ తడి కట్టె పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, రేపు ఎల్లుండి బండ్లు రావు. పొద్దుగూకేలోపు ఆరు ట్యాంకర్లు పోపియ్యాలె. సంపుల ఆరు గాట్లే ఉన్నయ్."

"పన్నెండులో ఆరంటే సగమేగా అండి. సగమంటే ఆరు వందల కిలోలీటర్లు. బంద్‌కి మనుషులు తక్కువ, రోజుకి నలభై చాలు. రెండు రోజులకి ఎనభై."

నేను ముద్రించి పెట్టుకున్న కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన కాగితం వంక చూశాడు, కట్టె వంక చూశాడు.

"కాయితంల ఉన్నయేమో సార్. సంపుల లేవు."

నేను నవ్వాను. ఆ నవ్వు ఎలాంటిదో ఇప్పుడు నాకు బాగా తెలుసు, ఎందుకంటే తర్వాత చాలామంది కుర్రాళ్ల ముఖాల మీద దాన్ని చూశాను. ట్యాంకర్ల కాంట్రాక్టరుకు ఫోన్ చేసి ఒక్క బండి కూడా వద్దన్నాను. మా మేనేజరుకు కాగితం చూపిస్తే ఆయన వీపు తట్టి, ఈ బిల్డింగు ఇన్ని నీళ్లు ఎలా తాగుతోందా అని తనూ అనుకుంటూనే ఉన్నానన్నాడు. మేనేజర్ గారిది గుంటూరు వైపు. చెడ్డవాడు కాదు. ఒకవైపు బంద్‌లు, ఒకవైపు పై ఆఫీసు నుంచి ఫోన్లు, వీటి మధ్య ఆయనకు నెలలో జుట్టు సగం నెరిసింది.

మొదటి రోజు హాయిగా గడిచింది. నాలుగు వందల మంది ముందురోజే వచ్చి ఆఫీసులోనే ఉన్నారు. సాయంత్రం ఆపరేటర్ కట్టె లాగి రెండు గాట్లు అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు.

రెండో రోజు పదకొండున్నరకు ఆరో అంతస్తులో కుళాయిలు ఆగాయి. తర్వాత నాలుగో అంతస్తులో. పన్నెండు కాకముందే మొత్తం ఆగాయి. బాత్‌రూములకు తాళాలు వేయించాం. చల్లగాలి యంత్రాలకూ నీళ్లు కావాలి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చాం. సర్వర్ల గదిలో వేడి పెరుగుతోందని పై నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నా కాగితం ప్రకారం అప్పుడు సంపులో అయిదు వందల నలభై కిలోలీటర్లు ఉండాలి. మూత తీసి టార్చి వేస్తే అడుగున సిమెంటు కనిపించింది.

ఆ రోజు మా గేటుకు నాలుగు వందల అడుగుల దూరంలో, చౌరస్తాలో, ఉద్యమకారులు వంటా వార్పు పెట్టారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ కలిసి రోడ్డు మీదే తినడం. అప్పట్లో నిరసన తెలిపే పద్ధతుల్లో అదొకటి. సెక్యూరిటీ వాళ్లు మేనేజర్ గారికి గేటు కెమెరా బొమ్మ చూపించారు. పొద్దున తొమ్మిది గంటలకు మా ఆపరేటర్ రెండు చేతుల్లో రెండు నీళ్ల డబ్బాలతో గేటు దాటి చౌరస్తా వైపు వెళ్తున్నాడు.

మేనేజర్ గారు ఆయన్ని పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను. నా కాగితం మేనేజర్ గారి చేతిలో ఉంది.

నీళ్లు బయటికి తీసుకెళ్లావా అంటే తీసుకెళ్లానన్నాడు. ఎవరినడిగి అంటే, అడగలేదన్నాడు. తన భార్య అక్కడ వంట చేస్తోందని, బియ్యం కడగడానికి నీళ్లు చాలలేదని, రెండు డబ్బాలు ఇచ్చి వచ్చానని చెప్పాడు. మేనేజర్ గారి గొంతు పెరిగింది. బంద్ గెలవాలని సంపు ఖాళీ చేశావన్నారు. ఎటు వదిలావో చెప్పమన్నారు. కాగితం చూపిస్తూ, లెక్క ఉంది మా దగ్గర, అన్నారు.

ఆపరేటర్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. పంపు మామూలుగా మోగకపోతే ఎలా చూసేవాడో అలా చూశాడు.

"సార్ లెక్క నాకు తెల్వది. కట్టె ఆడనే ఉన్నది, చూస్కోన్రి," అని మెడలోని బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నేను ఏమీ అనలేదు. కుర్రాళ్లకు చెప్పాల్సిన విషయాల్లో ఇది ముఖ్యమైనది. లెక్క తప్పడం పెద్ద నేరం కాదు. ఆ గదిలో మాట్లాడకపోవడం నా నేరం. అప్పటికి నా లెక్క తప్పని నాకు తెలియదు, నిజమే. కానీ ఆయన దొంగ కాడని మాత్రం నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఆ రెండో సంగతికి ఏ కాగితమూ అక్కర్లేదు.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. చేతులు ఊరుకోక లెక్క వేశాను. పోయిన నీళ్లు అయిదు వందల నలభై కిలోలీటర్లు. లీటర్లలో అయిదు లక్షల నలభై వేలు. ఒక డబ్బాలో ఇరవై లీటర్లు. అంటే ఇరవై ఏడు వేల డబ్బాలు. చేతికొకటి చొప్పున పదమూడు వేల అయిదు వందల సార్లు గేటు దాటాలి. సారికి అయిదు నిమిషాలు వేసుకుంటే, నిద్రపోకుండా తిరిగినా నలభై ఆరు రోజుల పైనే. కెమెరాలో ఆయన గేటు దాటింది ఒక్కసారి.

డబ్బాలతో కాకపోతే మరి ఎలా? సంపు నేలకింద ఉంది. పంపు తిప్పకుండా అందులోంచి నీళ్లు బయటికి రావు. పంపుకు అది ఎన్ని గంటలు తిరిగిందో చూపే గడియారం ఉంటుంది. కిందికి పరుగెత్తి చూశాను. గంటకు పన్నెండు ఘనపు మీటర్లు తోడే పంపు. బంద్ ముందురోజు సాయంత్రం రాసుకున్న అంకె నుంచి తిరిగింది అయిదు గంటలు. అరవై ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు అంటే ఒక కిలోలీటరే. అరవై కిలోలీటర్లు బయటికి వచ్చేసరికి సంపు ఖాళీ అయింది. అంటే మొదట్లో అందులో ఉన్నవే అరవై.

తలుపు వెనక కట్టె ఉంది. మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. టేపు పెట్టి గాటుకూ గాటుకూ మధ్య దూరం కొలిచాను. ఇరవై అయిదు సెంటీమీటర్లు. తర్వాతదీ అంతే. సంపు నేల ఎనిమిది మీటర్లు ఇంటూ అయిదు, నలభై చదరపు మీటర్లు. దాని మీద ఇరవై అయిదు సెంటీమీటర్ల ఎత్తు నీళ్లంటే సరిగ్గా పది ఘనపు మీటర్లు. ఒక ట్యాంకరు. ప్రతి గాటూ ఒక ట్యాంకరు. పన్నెండు గాట్లకు నూట ఇరవై కిలోలీటర్లు. నా పన్నెండు వందల్లో పదో వంతు.

పైకి వచ్చి ఎక్సెల్ తెరిచాను. తప్పు మూడో వరుసలో కూర్చుని ఉంది. సంపు లెక్కకు ముందు తివాచీల జాబితా చేసినప్పుడు చదరపు మిల్లీమీటర్లను చదరపు సెంటీమీటర్లుగా మార్చడానికి వందతో భాగించే గడి ఒకటి తయారుచేశాను. సంపు దగ్గరికి వచ్చాక అదే గడిని కాపీ చేశాను. పొడవు, వెడల్పు ఉన్న తివాచీకి వంద సరిపోతుంది. లోతు కూడా ఉన్న సంపుకు వెయ్యి కావాలి. నేను నీళ్లను తివాచీ కొలిచినట్టు కొలిచాను. లోతు సంగతి మరిచిపోయాను.

మేనేజర్ గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని విన్నారు. వినడం అయ్యాక తలుపు వేయమన్నారు.

"నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు, తెలుసుగా?"

"తెలుసండి."

"ఇది నీ పేరు మీద పైకి వెళ్తే నిన్ను ఉంచరు. అతను కాంట్రాక్టు మనిషి. వాళ్ల ఏజెన్సీ ఇంకో బిల్డింగులో వేస్తుంది. నువ్వు మనవాడివి కాబట్టి చెప్తున్నా. నోరు మూసుకుని ముందు నీళ్ల సంగతి చూడు."

ఆయన నా మంచి కోరే అన్నారు. అందుకే అది కష్టమైంది. తిట్టి ఉంటే ఎదురు చెప్పడం తేలిక. నేను బల్ల దగ్గరికి వచ్చి, ధైర్యం చల్లారకముందే నాలుగు వరుసల మెయిల్ రాశాను. ఒకటి, సంపు పట్టేది నూట ఇరవై కిలోలీటర్లు, పన్నెండు వందలు కాదు. రెండు, లెక్క తప్పింది నేను. మూడు, ఆపరేటర్ ఆరు ట్యాంకర్లు అడిగితే వద్దన్నది నేను. నాలుగు, ఆయన బయటికి తీసుకెళ్లినవి నలభై లీటర్లు, అంటే మొత్తంలో పదిహేను వందలలో ఒక వంతు మాత్రమే. మేనేజర్ గారికీ, ఆయన పై వాళ్లకూ, ఆపరేటర్ ఏజెన్సీకీ పంపాను. పంపాక మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకుని గేటు దాటాను.

చౌరస్తాలో ఓ డెబ్బై మంది ఉంటారు. మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద గిన్నెలు, గులాబీ కండువాలు, డప్పు. మా ఆపరేటర్ రోడ్డు మధ్య డివైడర్ మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా చూశారు. నోరు విప్పక తప్పలేదు.

"తప్పు నాదండి. వెయ్యి పెట్టాల్సిన చోట వంద పెట్టాను. సంపులో నీళ్లు మీరు చెప్పినన్నే ఉన్నాయి."

నా మాట ఏ వైపుదో అందరికీ తెలిసిపోయింది. డప్పు ఆగలేదు. ఆకాశం విరిగి పడలేదు. ఆపరేటర్ కత్తి పక్కన పెట్టాడు.

"ఎన్ని ట్యాంకర్లు తక్కువ వడ్డయి సార్, మీ కాయితంల?"

"యాభై నాలుగు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "విన్నవా? యాభై నాలుగు ట్యాంకర్లు రెండు డబ్బలల్ల తెచ్చి నీకిచ్చిన్నట."

ఆమె గరిటె పట్టుకునే నవ్వింది. పక్కనున్న ఆడవాళ్లంతా నవ్వారు. ఒకావిడ, అందుకేనా పప్పు గింత పల్చగైంది, అంది. నేను కూడా నవ్వబోయాను కానీ అది నవ్వుగా రాలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆమె అది చూసి, ఏమీ అడగకుండా విస్తరాకులో అన్నం, పప్పు పెట్టి నా చేతికిచ్చింది.

"కూసో తమ్మీ. మీ దిక్కు కారం మస్తు తింటరట గద. ఇది సాల్తదో లేదో జర చెప్పు."

చాలింది. ఎక్కువే అయింది. తిన్నాను, రోడ్డు మీద, నా మేడకు ఎదురుగా. ఏ నీళ్లతో వండారో నాకు తెలుసు.

తింటూనే లోపల పరిస్థితి చెప్పాను. ఆపరేటర్ నన్ను జరంత ఆగమని, అక్కడి పెద్దమనిషితో మాట్లాడాడు. ఆయన కండువా సర్దుకుంటూ, నీళ్లకు, పాలకు, దవాఖానకు బంద్ ఎప్పుడు పెట్టినం, అన్నాడు. బంద్ అంటే ట్యాంకర్లు వాటంతటవే ఆగిపోయాయి. రావొచ్చా అని అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు, నా దగ్గర పన్నెండు వందలు ఉన్నాయి కదా. ఆపరేటర్ ఒక డ్రైవర్‌కు ఫోన్ చేసి, తనే ఎదురు వెళ్లాడు. గంటన్నరలో రెండు ట్యాంకర్లు వచ్చాయి. ముందు బండిలో డ్రైవర్ పక్కన మా ఆపరేటర్ కూర్చుని ఉన్నాడు. చౌరస్తాలో డప్పు వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని ఆపాడు, బ్యాడ్జి లేదని. లోపలికి ఫోన్ చేస్తే మేనేజర్ గారే స్వయంగా నడిచి వచ్చారు. బ్యాడ్జి ఆయన చేతిలో ఉంది. ఇస్తూ, ఎండలో ఉన్నారు, ముందు మంచినీళ్లు తాగమన్నారు. ఆ తర్వాత తనకే నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ సమయానికి మేడలో తాగడానికి చుక్క నీరు లేదు. ఆపరేటర్ ట్యాంకర్ గొట్టం విప్పుతూ, ఇగో ఇప్పుడొస్తయి సార్, ఫికర్ చెయ్యకున్రి, అన్నాడు.

నా ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పెంచారు. ఇప్పటికీ నాకది న్యాయంగానే తోస్తుంది.

కట్టె సంగతి ఆయన మర్నాడు చెప్పాడు. సంపు కట్టిన కొత్తలో మొదటి ట్యాంకరు పోసినప్పుడు వెదురు దింపి, తడిసిన చోట గాటు పెట్టాడట. రెండో ట్యాంకరుకు రెండో గాటు. అలా పన్నెండు ట్యాంకర్లకు సంపు నిండింది. ఆయన కట్టెకు ప్రమాణం లేదని నేననుకున్నాను. ప్రమాణం గేటు ముందు నిలబడి హారన్ కొట్టేది, రోజుకు తొమ్మిది సార్లు.

ఆ ఉదయమే ఇద్దరం కలిసి నీళ్ల రిజిస్టరు రాశాం. వచ్చినవి, వాడినవి, మిగిలినవి అని మూడు వరుసలు. నేను నాలుగో వరుస గీసి 'బయటికి' అని పెట్టాను. ఆయనకు నచ్చలేదు.

"అది గూడ రాస్తరా సార్? మల్ల లొల్లి గాదా?"

"రాయకపోతేనే లొల్లి అన్నా. రాస్తే ఇంకెవరూ అడగరు."

అన్నా అని మొదటిసారి పిలిచాను. ఆయన ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. రిజిస్టరు మొత్తం కిలోలీటర్లలో ఉంటుంది కాబట్టి 0.04 అని రాశాను. ఆయనకు చదువు తక్కువ, అంకెలు బాగా వచ్చు. వేలు పెట్టి చూశాడు.

"గిదేంది, అటు సున్న, ఇటు సున్న?"

"మీ రెండు డబ్బాలు."

"డెబ్బై మంది తిన్నరు సార్. మీ లెక్కల గింతనే కనవడ్తదా?"

నేను ఒక్క నిమిషం ఆలోచించాను. దాన్ని కొట్టేసి, '40 లీటర్లు' అని రాశాను. ఆయన తల అటూ ఇటూ ఊపాడు. ఫరవాలేదు, కానీ ఇంకా కుదరలేదన్నట్టు. అదీ కొట్టేశాను. ఈసారి వరుస పట్టేలా నిండుగా రాశాను: 40,000 మిల్లీలీటర్లు. పక్కన 'వంటకు' అని కూడా రాశాను.

ఆయన చాలాసేపు చూశాడు. సున్నలు లెక్కపెట్టి ఉంటాడు.

"ఆ. ఇప్పుడు మంచిగున్నది," అని సంతకం పెట్టాడు. దాని కింద నేను పెట్టాను.

తర్వాతి ఏడాది తనిఖీకి వచ్చినాయన రిజిస్టరు తిరగేస్తూ ఆ వరుస దగ్గర ఆగి ఎర్ర పెన్నుతో సున్న చుట్టాడు. పుస్తకమంతా కిలోలీటర్లలో ఉంటే ఇదొక్కటి మిల్లీలీటర్లలో ఎందుకుంది, పొరపాటా, అని అడిగాడు. అప్పటికి నా పుస్తకాల్లో ఆయనకు చాలా పొరపాట్లు దొరికాయి, అన్నీ ఒప్పుకున్నాను.

ఇది మాత్రం పొరపాటు కాదండి అన్నాను.